డిస్కౌంటు ఎవరి జేబులోంచి?

మొన్న గుంటూరులో ఒక పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన కూర్చున్న వదిన, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు కొత్తగా తెరిచిన డిస్కౌంటు స్టోరు గురించి చెబుతోంది. నూనె ప్యాకెట్టు మీద ఇంత తగ్గిందనీ, కందిపప్పు మీద ఇంత తగ్గిందనీ, పిల్లల నైట్‌డ్రెస్సులు రెండొందల లోపే దొరికాయనీ. ఎదురు బంతిలోంచి మా బాబాయ్ అందుకున్నాడు: "ఎన్నాళ్లుంటుందమ్మా అది? సుభిక్ష వాడు కూడా ఇట్టాగే ఇచ్చాడు." వదిన కొడుకు బీటెక్ మూడో ఏడు. "సుభిక్ష అంటే ఏంది తాతయ్యా?" అని అడిగాడు.

2008లో 1600 డిస్కౌంటు కొట్లుండి, మరుసటేడే మూతపడ్డ సంస్థ పేరు ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాడికి తెలియదు. తెలిసిన పెద్దవాళ్లందరూ మాత్రం ఒకే తీర్పు చెప్పారు: "అంత తక్కువకి అమ్మితే మునగక ఏం చేస్తాడు?" పప్పు, పులుసు, పెరుగు అయ్యేదాకా అదే మాట నలుగురి నోటా వచ్చింది. అప్పటినుంచీ ఆ తీర్పు మీదే నా పేచీ.

తక్కువకి అమ్మడం వల్ల డిస్కౌంటు కొట్లు మునగవు. వాటి బతుకుతెరువే అది. సరుకు ఇచ్చినవాడికి డబ్బు ఇవ్వాల్సిన రోజున ఇవ్వకుండా, ఆ డబ్బుతో ఇంకో ఊళ్లో ఇంకో కొట్టు తెరిచినప్పుడు మునగడం మొదలవుతుంది. అప్పటినుంచి మనకి బిల్లు మీద కనిపించే తగ్గింపు ఆ కంపెనీ ఇస్తున్నది కాదు. సరుకు వేసిన ఏజెన్సీవాడు ఇస్తున్నాడు, జీతం ఆగిపోయిన సేల్స్ అమ్మాయి ఇస్తోంది, అద్దె రాని బిల్డింగు ఓనరు ఇస్తున్నాడు. కొనేవాళ్లకి ఆ సంగతి షట్టరు పడేదాకా తెలియదు. మాది ఏజెన్సీ వ్యాపారం చేసిన ఇల్లు కాబట్టి నా చూపు అటువైపే ఉంటుందని ఎవరైనా అంటే కాదనను. అటువైపు నుంచి రాసేవాళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

సుభిక్ష మొదటి పదేళ్లు

1997లో చెన్నై తిరువాన్మియూర్‌లో మొదటి కొట్టు తెరిచారు. పెట్టింది ఆర్. సుబ్రమణియన్, మద్రాసు ఐఐటీలోనూ అహ్మదాబాద్ ఐఐఎంలోనూ చదివినవాడు. ఆయన వేసుకున్న లెక్కలో నాకు ఇప్పటికీ తప్పు కనపడదు. ఏసీ లేదు, మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము లేదు. కాలనీ లోపలి వీధిలో చిన్న కొట్టు, కాబట్టి అద్దె తక్కువ. పచారీ సామాన్లతో పాటు మందులు కూడా, వాటి మీద పది శాతం తగ్గింపు. నెలనెలా బీపీ, షుగరు మాత్రలు కొనే ఇంటికి ఆ పది శాతం ఎంతో ఎక్కువ, ఆ మాత్రల కోసం వచ్చినవాళ్లు బియ్యం కూడా అక్కడే కొనేవాళ్లు. సరుకుకి డబ్బు త్వరగా ఇచ్చేయడం, అలా ఇచ్చినందుకు వచ్చే క్యాష్ డిస్కౌంటుని ధరలో తగ్గించడం. ఇందులో మాయ ఏమీ లేదు. చేతిలో డబ్బున్నవాడు విజయవాడ పక్కన మా గొల్లపూడిలో ఇవాళైనా చేయగలిగిన పనే.

ఏళ్ల తరబడి ఆ సంస్థ తమిళనాడు దాటలేదు. 2000లో ఐసీఐసీఐ వెంచర్ అనే పెట్టుబడి సంస్థ వాటా తీసుకుంది. అయినా నిదానంగానే నడిచింది. తర్వాత దేశమంతా రిటైల్ అంటూ ఊగిపోయిన రోజులొచ్చాయి. పెద్ద పెద్ద గ్రూపులు దిగుతున్నాయి, మనం ముందు చోటు పట్టుకోకపోతే పోతామన్న తొందర. అదే ఊపులో సుభిక్ష మన రాష్ట్రానికీ వచ్చింది, ఢిల్లీకీ గుజరాత్‌కీ పోయింది. 2006 నాటికి నూట యాభై ప్రాంతంలో ఉన్న కొట్లు 2008కి 1600 అయ్యాయి. సగటున రోజుకి ఒకటికి మించి కొత్త కొట్టు తెరిచినట్టు. ప్రతి కొట్టుకీ అడ్వాన్సు కట్టాలి, ర్యాకులు, ఫ్రిజ్‌లు, కంప్యూటరు కొనాలి, ఆపైన అరల నిండా సరుకు నింపాలి. సొంత వాటా ధనం ముప్ఫై కోట్ల పైచిలుకు, అప్పు ఏడొందల కోట్ల పైన.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది, ఇక్కడ బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి. అక్టోబరుకల్లా చేతిలో నగదు అయిపోయిందని సుబ్రమణియన్ తర్వాత తానే చెప్పాడు. 2009 జనవరిలో సత్యం కంపెనీ దొంగలెక్కల వ్యవహారం బయటపడ్డాక ఇక ఎవరి లెక్కల పుస్తకాన్నీ ఎవరూ నమ్మని పరిస్థితి. వేలమంది ఉద్యోగులకి జీతాలు ఆగాయి. కాపలా ఏజెన్సీలకి డబ్బు అందక గార్డులు వెళ్లిపోతే మూసిన కొట్లలో సరుకు దొంగలపాలయింది. మళ్లీ నిలబెట్టడానికి మూడొందల కోట్లు కావాలని తిరిగారు, ఎవరూ ఇవ్వలేదు.

అంతకుముందు ఏడాది, అంటే 2008లోనే, అజీం ప్రేమ్‌జీ పెట్టుబడి సంస్థ ఐసీఐసీఐ వెంచర్ దగ్గర్నుంచి సుభిక్షలో పది శాతం వాటా 230 కోట్లకి కొన్నది. అంత డబ్బు పెట్టేవాళ్లు లెక్కలు చూడకుండా పెట్టరు. బ్యాలెన్సు షీటు ఏడాదికోసారి వస్తుంది, అప్పటి సంగతి చెబుతుంది. ఈ నెల చెక్కు పాసయిందో లేదో చెప్పాల్సింది సరుకు వేసినవాడే. వాళ్లని పిలిచి అడగాలన్న ఆలోచన పెద్ద పెట్టుబడిదార్లకి ఇప్పటికీ రావడం లేదు. (సుబ్రమణియన్ కథ అక్కడితో ఆగలేదు. విశ్వప్రియ అనే వేరే సంస్థ డిపాజిట్ల కేసులో 2023 నవంబరులో చెన్నై ప్రత్యేక కోర్టు ఆయనకి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అది వేరే కేసు, దాన్ని ఈ లెక్కలో కలపను.)

సరుకు వేసేవాడి లెక్క

మా నాన్నది గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులో సబ్బులు, బిస్కెట్ల ఏజెన్సీ. అంతకుముందు వన్‌టౌన్‌లో సమారంగం చౌక్ దగ్గర చిన్న గోడౌను ఉండేది. ఈ వ్యాపారంలో డిస్ట్రిబ్యూటరుకి దక్కేది నూటికి నాలుగు నుంచి ఆరు రూపాయలు. ఆటో కిరాయి, ముఠావాళ్ల కూలి, లైను తిరిగే సేల్స్‌మన్ జీతం, నలిగిన డబ్బాలు, డేటు అయిపోయిన సరుకు అన్నీ అందులోంచే. కంపెనీ మాకు అప్పు ఇవ్వదు. ముందు డబ్బు కడితేనే లోడు కదులుతుంది. కొట్లకి మాత్రం మేం అప్పు ఇవ్వాలి.

బజార్లో వడ్డీ నూటికి రూపాయిన్నర. ఐదు శాతం మార్జిన్ మీద వేసిన సరుకుకి రెండు నెలలు డబ్బు రాకపోతే మూడు శాతం వడ్డీకే పోయింది. మూడో నెల కూడా రాకపోతే మిగిలేది అర శాతం, అది ఆటో కిరాయికి కూడా చాలదు. బిల్లు మొత్తం మునిగితే ఇంకో లెక్క. లక్ష పోతే, ఆ లక్ష మళ్లీ కూడబెట్టడానికి ఇరవై లక్షల సరుకు అమ్మాలి. అది కూడా మధ్యలో ఒక్క రూపాయి ఖర్చు కాదనుకుంటే.

మా ప్రాంతంలోనే పుట్టిన ఒక చైన్ సంగతి చెబుతాను, పేరు రాయను. కింద పచారీ సామాన్లు, మొదటి అంతస్తులో బట్టలు, పైన స్టీలు సామాను, ప్లాస్టిక్ బకెట్లు, స్కూలు బ్యాగులు. ఒక్క కొట్టు ఉన్నన్నాళ్లూ యజమాని స్వయంగా కౌంటరులో కూర్చునేవాడు. శనివారం సాయంత్రం సప్లయర్లందరికీ చెక్కులు రాసేవాడు. ఆ చెక్కు తప్పదని తెలుసు కాబట్టి నాన్న మిగతా కొట్ల కంటే అర శాతం తగ్గించి వేసేవాడు. పప్పులవాడూ, నూనెవాడూ అలాగే తగ్గించేవాళ్లు. ఆ తగ్గినదాంట్లో చాలా భాగం జనానికి చేరేది. ఎవరినీ ముంచకుండా ఇచ్చే డిస్కౌంటు ఉందని నేను నమ్మేది ఆ రోజులు చూసినందుకే.

తర్వాత తెనాలిలో ఒకటి, గుడివాడలో ఒకటి, ఏలూరులో ఒకటి తెరిచారు. ప్రతి ఓపెనింగుకీ సప్లయర్లకి కార్డులొచ్చేవి, మేం పూలబొకేలు పట్టుకుని వెళ్లేవాళ్లం. శనివారం చెక్కు నెలకోసారి చెక్కయింది. యజమాని కౌంటరులో కనిపించడం మానేశాడు. ఆయన చోట పర్చేజ్ మేనేజరు, "బిల్లులు ఇప్పుడు హెడ్డాఫీసులో చూస్తున్నారండీ, అక్కడ కనుక్కోండి" అనేవాడు. హెడ్డాఫీసులో అమ్మాయి ముందు తేదీ వేసిన చెక్కు ఇచ్చేది. ఆ తేదీ దగ్గర పడగానే ఫోను: "ఈ చెక్కు ఇప్పుడే బ్యాంకులో వెయ్యొద్దు సార్, పదో తారీఖు దాకా ఆగండి."

ఒక సాయంత్రం నేను ఆ కొట్టుకి ఇంటి సామాన్ల కోసం వెళ్లాను. బయటి నుంచి చూస్తే అరలన్నీ నిండుగా ఉన్నాయి. షాంపూ సీసా ఒకటి తీశాను. దాని వెనక ఏమీ లేదు. పక్క సీసా తీస్తే దాని వెనకా అంతే. అర అంచున ఒక్క వరస నిలబెట్టారు, ఆ వెనక గోడదాకా ఖాళీ. నడవా అవతల ఇదివరకు కందిపప్పు, మినపగుళ్లు ఉండే చోట ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే రకం ఉప్పు ప్యాకెట్లు పేర్చారు. పప్పుల వ్యాపారి అప్పు ఆపేశాడని దాన్నిబట్టే తెలిసిపోయింది. అందరూ వాడే టూత్‌పేస్టు లేదు, ఎవరూ పేరు వినని పేస్టు ఉంది. మా సబ్బులు మాత్రం గుట్టగా ఉన్నాయి, మెగా సేల్ బోర్డు కింద, మూడు కొంటే రెండు ఉచితం.

అక్కడే నిలబడి లెక్క వేశాను. నాన్న వేసిన ధర కంటే తక్కువకి పోతున్నాయి అవి. నాన్నకి ఇంకా ఒక్క రూపాయి రాని సరుకు. రేపటి జీతాలకో బ్యాంకు కిస్తీకో నగదు కావాలి కాబట్టి, అప్పుగా తెచ్చిన సరుకుని నష్టానికి అమ్మి నగదు చేసుకుంటున్నారు. నా పక్కన ఒకావిడ సంతోషంగా బుట్టలో వేసుకుంటోంది. ఆవిడని ఏమనగలం? బోర్డు మీద ఉన్నది తగ్గింపు, అంతే.

ఆ వారమంతా మా లైనులో కిరాణా కొట్లవాళ్లు నాన్నని తిట్టారు. "ఏవండీ, వాళ్లకి ఆ రేటుకి వేసి మాకు ఈ రేటుకి వేస్తారా? ఇన్నేళ్ల ఖాతా మాది" అని. పటమటలో ఒకాయన నేరుగా ఆ స్టోరుకే వెళ్లి మా సబ్బులు పెట్టె నిండా కొని తెచ్చి తన కొట్లో పెట్టుకున్నాడు. మా దగ్గర కొనేకంటే అదే చవక. వ్యాపారంలో నాన్న అంత బాధపడటం నేను అంతకుముందు చూడలేదు. డబ్బు పోతున్నందుకు కాదు, మోసం చేస్తున్నాడని పాత ఖాతాదార్లు అనుకున్నందుకు.

సరుకు ఆపేయొచ్చుగా అంటారు, అంత తేలికైతే ఎవరూ మునగరు. ఆపితే పాత బాకీ రాదు. "సరుకు పంపండి, పాత దాంట్లో కొంత ఇస్తాం" అంటారు. పంపితే కొంత ఇస్తారు, కొత్తది అంతకంటే ఎక్కువ పేరుకుంటుంది. నాన్న ఆపేశాడు. పక్క షెడ్డు ఏజెన్సీ ఆయన ఆపలేదు, ఆయన బాకీ మాకంటే చాలా పెద్దది, ఆపే ధైర్యం రాలేదు. ఇద్దరిలో ఎవరిది సరైన నిర్ణయమో ఆ రోజున చెప్పగలిగినవాళ్లు గొల్లపూడిలో ఎవరూ లేరు.

షట్టరు పడ్డాక మాకు దక్కింది డేటు దగ్గర పడ్డ బిస్కెట్ల పెట్టెలు కొన్ని. చెక్కు బౌన్సు కేసు వేశాం. 138 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అని చట్టం. కోర్టు వాయిదాలతో నడిచి నడిచి, చివరికి బాకీలో కొంత తీసుకుని రాజీ పడ్డాం. మాకంటే దెబ్బ తిన్నది అక్కడ పనిచేసిన అమ్మాయిలు. మా వీధిలో ఒకమ్మాయి బట్టల సెక్షన్లో ఉండేది. జీతంలోంచి నెలనెలా పీఎఫ్ కోసుకున్నారు, పీఎఫ్ ఖాతా తెరిచి చూస్తే చివరి నెలలవి జమే కాలేదు. ఆ అమ్మాయి రోజంతా నిలబడి "మేడమ్, దీని మీద ఆఫరుంది" అని చెప్పిన డిస్కౌంటులో తన డబ్బు కూడా ఉంది.

కిరాణా కొట్టే మంచిదా?

ఇక్కడిదాకా చదివి, పెద్ద కొట్లు వద్దు, వీధి చివర కిరాణా కొట్టే మన సంస్కృతి అని రాస్తాననుకునేవాళ్లు ఉంటారు. అలా రాయను. కిరాణా కొట్టు మీద నాకు అంత మమకారం లేదు. కాటా సరిగా లేని కొట్లు చూశాను, రాళ్లు కలిసిన పప్పు పొట్లాలు చూశాను. ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి తగ్గించమంటే ముఖం ముడుచుకునేవాళ్లు, పక్కన చైన్ స్టోరు వచ్చాకే తగ్గించడం నేర్చుకున్నారు. మా అమ్మ సామాన్ల చీటీ రాసిచ్చి కొట్టు బయట నిలబడేది, ఏ రకం ఇస్తే అదే తెచ్చుకునేది. స్టోరులో మొదటిసారి తనే బుట్ట పట్టుకుని, ప్యాకెట్టు తిప్పి తేదీ చూసి, నచ్చకపోతే తిరిగి పెట్టేసింది. ఆ స్వేచ్ఛని చిన్నచూపు చూడకూడదు.

ఇంకా పెద్ద సంగతి మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. వాళ్ల ఊళ్లో కొట్టు మెట్టు ఎక్కనివ్వకుండా బయటే నిలబెట్టి పొట్లం అందించేవాళ్లట, చిల్లర అరుగు మీద పెట్టమనేవాళ్లట. విజయవాడలో కాపురం పెట్టాక సూపర్ మార్కెట్లో ఏ.సీ. కింద తోపుడు బండి తోసుకుంటూ తిరగడం, ఎవరూ ఎవరి పిల్లవని అడగకపోవడం తనకెంత హాయిగా ఉందో చెప్పింది. "మీరు చవక గురించే మాట్లాడతారు. నేను దానికోసం వెళ్లలేదండీ" అంది. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అలాంటి కొట్లు బతకాలి. బతకాలంటే మునగని పద్ధతిలో నడవాలి, నేను అంటున్నది అదే.

కిరాణావాళ్లు కూడా ఏజెన్సీలకి డబ్బు ఎగ్గొడతారుగా అని మా బాబాయే అడిగాడు. నిజమే, ఎగ్గొడతారు. కానీ ఒక కొట్టు మునిగితే నాన్న ఖాతాలో పదివేలో పాతికవేలో పోతాయి, మిగతా రెండొందల కొట్లు నడుస్తూనే ఉంటాయి. చైన్ మునిగితే ఒకే రోజు పాతిక చోట్ల బాకీ మునుగుతుంది. పైగా కిరాణా ఆయన ఆ వీధిలోనే ఉంటాడు, ఆయన పిల్లలు మన పిల్లలతో చదువుతారు, మొహం తప్పించుకుని ఎక్కడికి పోతాడు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా సేల్స్‌మన్ లైనులో కొట్లన్నీ నీళ్లలో ఉన్నాయి. సరుకంతా పోయిన ఒక కొట్టాయన, నెల తిరక్కముందే ఫోను చేసి "బాకీ ఉంది, మర్చిపోలేదు, దసరా తర్వాత మొదలుపెడతాను" అన్నాడు. మొదలుపెట్టాడు. చైన్ హెడ్డాఫీసు నుంచి అలాంటి ఫోను మాకు ఎన్నడూ రాలేదు.

నిదానంగా పెరిగినవాళ్లు

ముంబయిలో 2002లో మొదలైన డీమార్ట్, షేర్ మార్కెట్లోకి వచ్చిన 2017 మార్చి చివరికి తెరిచిన స్టోర్లు 131. పదిహేనేళ్లకి అన్ని. సుభిక్ష పదకొండేళ్లకే 1600. డీమార్ట్ చాలావరకు తన బిల్డింగుల్లోనే కొట్లు నడుపుతుంది, సరుకు వేసినవాళ్లకి త్వరగా డబ్బు ఇస్తుందన్న పేరుంది, అందుకే తక్కువకి కొనగలుగుతుంది. ఇప్పుడు విజయవాడలోనూ గుంటూరులోనూ ఆదివారం సాయంత్రం ఆ స్టోర్ల ముందు బండి పెట్టుకునే చోటు దొరకదు. సుభిక్ష 1997లో వేసిన లెక్కే దాదాపు ఇది. తక్కువ ధర అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తేడా అంతా ఎవరి డబ్బుతో ఎంత వేగంగా కొట్లు తెరిచారన్న దగ్గరే ఉంది.

విశాల్ మెగా మార్ట్ కథ ఇంకా బాగా చెబుతుంది ఈ సంగతి. 2007లో షేర్లు అమ్మి, అప్పులు తెచ్చి దూకింది. నాలుగేళ్లు తిరిగేసరికి అప్పుల్లో కూరుకుపోయి 2011లో చేతులు మారింది. కొత్త యజమానులు అదే చవక బట్టలు, అదే చవక సామాన్లు, అదే రకం చిన్న ఊళ్ల జనానికి అమ్మారు. 2024 డిసెంబరులో 8000 కోట్ల ఇష్యూతో మళ్లీ షేర్ మార్కెట్లోకి వచ్చింది. చవక ధరే చంపేదైతే ఆ కంపెనీ తిరిగి లేవకూడదు కదా.

బిగ్ బజార్ సంగతి అందరికీ తెలిసిందే. 2020లో రిలయన్స్‌కి అమ్మేందుకు ఒప్పందం, అమెజాన్ అడ్డుపడటం, కోర్టులు, చివరికి 2022 ఫిబ్రవరిలో అద్దె బాకీ పడ్డ స్టోర్లని రిలయన్స్ తీసేసుకోవడం. పేపర్ల నిండా ఆ ఇద్దరు పెద్దవాళ్ల తగాదానే వచ్చింది. 2024లో బిగ్ బజార్‌ని నడిపిన ఫ్యూచర్ రిటైల్‌ని లిక్విడేషన్‌కి (ఆస్తులమ్మి మూసేయడానికి) పంపినప్పుడు సరుకు వేసిన చిన్నవాళ్ల సంగతి ఎవరు రాశారు? దివాలా చట్టంలో ఆస్తులమ్మిన డబ్బు ముందు ఆ ప్రక్రియ ఖర్చులకి, తర్వాత కార్మికులకీ తాకట్టున్న బ్యాంకులకీ, ఆపైన మిగతా ఉద్యోగులకీ, తాకట్టు లేని అప్పులకీ, ప్రభుత్వానికీ. సరుకు వేసినవాడి వంతు వచ్చేసరికి ఏమైనా మిగిలితే అతని అదృష్టం.

ఇప్పుడు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాయి. ఎవరో పెట్టుబడిదారుడి డబ్బుతో తగ్గింపు. తెచ్చే కుర్రాడి ఎండ ఖర్చు కూడా అందులో ఉంది. డిస్ట్రిబ్యూటర్ల జాతీయ సమాఖ్య 2024లోనే ఈ ధరల మీద కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. ఆ యాప్‌ల గురించి ఇంకో వ్యాసమే రాయాలి, ఇక్కడ ఆపుతాను.

నలభై అయిదు రోజులు

చిన్న పరిశ్రమలకి ఒక రక్షణ ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవాడు ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, లేకపోతే వడ్డీ కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి దానికి ఆదాయపు పన్ను కూడా జోడించారు. గడువులో ఇవ్వని డబ్బుని ఇచ్చేదాకా ఖర్చుగా చూపించుకోనివ్వరు. వినడానికి బాగుంది. కానీ అది తయారుచేసేవాళ్లకీ, సేవలు అందించేవాళ్లకీ వర్తిస్తుంది. 2021 జులైలో హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులని కూడా ఎంఎస్‌ఎంఈల్లో చేర్చామన్నారు, గొల్లపూడిలో అందరూ సంతోషించారు. తీరా చూస్తే బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. బాకీ గడువు రక్షణ వ్యాపారులకి లేదు. సబ్బు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీకి నలభై అయిదు రోజుల్లో డబ్బు రావాలి, అదే సబ్బు కొట్లకి చేర్చే ఏజెన్సీకి ఎప్పుడొస్తే అప్పుడే.

ఆ గడువు డిస్ట్రిబ్యూటర్లకీ కావాలన్నది నా కోరిక. దీని మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. గడువు పెడితే పెద్ద చైన్లు సరుకు కొనడమే మానేసి, "మా అరలో పెట్టండి, అమ్ముడైనదానికే డబ్బు, మిగిలింది పట్టుకుపోండి" అనొచ్చు. ఇప్పటికే కొన్ని అలా అంటున్నాయి. అప్పుడు డేటు అయిపోయిన సరుకు నష్టం కూడా ఏజెన్సీ మీదే పడుతుంది. నాన్నతో ఈ మాట అంటే కాసేపు ఆలోచించి, "అది నయం. సరుకు నాదేనని కాగితం ఉంటుంది, షట్టరు పడ్డ రోజు లారీ తీసుకెళ్లి తెచ్చుకుంటాను" అన్నాడు. పక్క షెడ్డు ఆయన ఒప్పుకోలేదు, ఆ లారీని గేటు దాటనిచ్చేది ఎవరని అడిగాడు. ఆయనకి అనుభవం ఉంది. అందుకే గడువుతో పాటు, అమ్మకానికి పెట్టిన సరుకు మీద వేసినవాడి హక్కు కూడా చట్టంలో స్పష్టంగా రాయాలని మా గొల్లపూడి వ్యాపారులు వచ్చే మీటింగులో తీర్మానం పెడుతున్నారు. ఆ ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు, తెనాలి, ఏలూరు, ఒంగోలు ఎక్కడివాళ్లైనా సరే, మీ బాకీల అనుభవం రాసి పంపితే అందులో చేరుస్తాను.